దారిలో దించొద్దన్నావు

చూశావా లెమ్, చచ్చాక కూడా వదల్లేదు నిన్ను!

వెనక్కి తిరగలేను, ఏమీ అనుకోకు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచమన్నాడు. ఉంచాను, పది వేళ్ళూ విప్పి, కనపడేలా. అద్దంలో నీ పెట్టె మూత కనిపిస్తోంది, దాని వెనక పోలీసు బండి నీలం లైట్లు. పెదాలు కదపకుండా మాట్లాడుతున్నా. ఒక్కణ్ణే గొణుక్కోవడం చూశాడంటే తాగానంటాడు.

డెబ్బై ఏళ్ళు నాకు. నల్ల సూటు, తెల్ల చేతితొడుగులు, శవాల బండి. నన్ను చూసి దొంగనుకోవాలంటే ఎంత కష్టపడాలిరా! అయినా కష్టపడ్డాడు. నాలుగు మైళ్ళు వెంటే వచ్చాడు. నేను నలభైలో పోతే నలభైలో, ముప్పై అయిదుకి తగ్గిస్తే ముప్పై అయిదులో. అప్పుడే తెలిసిపోయింది నాకు.

ఎందుకు ఆపాడో తెలుసా? నవ్వకు. నీ విజిల్.

అవున్రా, నీ ఇత్తడి విజిల్. ముప్పై ఏళ్ళు బడి బ్యాండు పిల్లల్ని నడిపించావే, అదే. పెట్టెలో పెట్టించమని నీ చెల్లెలు ఎర్నెస్టీన్ ఫోన్లో చెప్పింది. నేనేమో, ఆఖరి ప్రయాణం కదా, ముందుండి నడిపించనీలే అని ఇదిగో ఈ అద్దానికి తగిలించాను. చూపుకి అడ్డమట. వేలెడంత విజిల్! దానికో చట్టం ఉందట.

యాభై ఏళ్ళ నుంచి బండి నడుపుతున్నా, అద్దానికి దారప్పోగు కట్టలేదు. సువాసన బిళ్ళ లేదు, మా అమ్మ సిలువా లేదు. మన నల్లపిల్లలకి మనం నేర్పిందే అది కదా? అద్దానికేమీ వేలాడదీయొద్దు. కాగితాలు సొరుగులో పెట్టొద్దు, నెత్తిమీద ఎండకి వాల్చుకునే అట్టకి రబ్బరు బ్యాండు వేసి పెట్టు, చెయ్యి కిందికి పోకూడదు, తుపాకి కోసమనుకుంటారు.

నీ దగ్గర బూర ఊదే పిల్లలు లైసెన్సు తెచ్చుకున్న రోజే పట్టుకునేవాడివి. కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి అన్నం పళ్ళెమిచ్చి, ఇదే స్టీరింగ్ అనుకోమని, నువ్వు పోలీసువయ్యేవాడివి. ‘ఆగు! చెయ్యి కదిపే ముందు చెప్పు! చెప్పి, నెమ్మదిగా కదుపు!’ వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. నువ్వు నవ్వేవాడివి కాదు. పళ్ళెం వణికినవాణ్ణి మళ్ళీ మొదట్నుంచి చేయించేవాడివి.

అన్నీ తెలిసిన ముసలాణ్ణి, నీ మీద ప్రేమకొద్దీ ఒక్క విజిల్ కట్టాను. చాలింది.

‘ఎక్కణ్ణుంచి వస్తున్నావ్?’ అన్నాడు. ఒహాయో నుంచి సర్, టొలీడో నుంచి. ‘ఎక్కడికి?’ ఇంకో నలభై మైళ్ళు సర్, న్యూ బెత్‌సైదా చర్చికి, పన్నెండింటికి పాతిపెట్టాలి. ‘వెనకేముంది?’ శవాల బండిలో ఏముంటుందిరా? శవం సర్ అన్నాను. ‘ఇంకా?’ అన్నాడు. ఇంకా అంట!

చిన్నవాడే, ముప్పై కూడా ఉండవు. మెడ ఎండకి కమిలి ఎర్రగా ఉంది. మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదంటేనే నాకు భయం. మత్తుమందులున్నాయా, తుపాకులున్నాయా, డబ్బు కట్టలేమైనా ఉన్నాయా అన్నాడు. లేవు సర్, లేవు సర్, లేవు సర్. ‘అయితే ఆ పెట్టె తెరిచి చూస్తే నీకేం అభ్యంతరం ఉండదుగా?’

స్టీరింగ్ వంకే చూశాను. ‘ఆలోచించుకో, ఇవి చూసొస్తా’ అని నా లైసెన్సూ, నిన్ను తీసుకెళ్ళడానికిచ్చిన కాగితమూ పట్టుకుని తన బండిలోకి పోయాడు. పోతూ ఇంజన్ ఆపమన్నాడు. ఇంజన్ ఆపితే చల్లటిగాలి ఆగిపోదూ? సెప్టెంబరు ఎండ, అలబామా ఎండ! లోపల నువ్వున్నావన్న ధ్యాస వాడికెందుకుంటుంది?

పొద్దున సరిహద్దు దాటింది మొదలు ఎంత గౌరవమో చూశావుగా. ఎదురొచ్చిన ప్రతి బండీ పక్కకి తీసి ఆపారు. తెల్లవాళ్ళూ ఆపారు, టోపీలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. చనిపోయినవాళ్ళు వెళ్తుంటే ఆగడం మనవైపు ఇంకా పోలేదు. నాకు కళ్ళు చెమర్చాయి కూడా. ఇంటికొచ్చాడు లెమ్, అనుకున్నాను.

ఆసుపత్రిలో ఏమన్నావో గుర్తుందా? ఆఖరి వారం. ముక్కులో గొట్టం, అయినా వేళాకోళం. ‘క్లియో, నన్ను విమానంలో సామాన్లతో పంపకు. నువ్వే తీసుకెళ్ళు. దారిలో మాత్రం ఎవడూ నన్ను బండిలోంచి దించకూడదు. ఒకసారి దించింది చాలు.’

నవ్వుతూనే అన్నావు. నేను మాటిచ్చాను. నీ మొహంలోకి చూడకుండా, దుప్పటి సర్దుతూ ఇచ్చాను.

ఎనభై ఏడు, అక్టోబరు. దాని గురించి మనిద్దరం ఎప్పుడైనా మాట్లాడుకున్నామా? లేదు. పోటీకి పోతున్నాం. పిల్లల బస్సు ముందు, మనం వెనక నా కారులో. నువ్వు కొత్త తెల్ల సూటు వేసుకున్నావు, బంగారు గుండీలది, కుట్టించడానికి ఆర్నెల్లు దాచుకున్నావు. ఇలాగే లైట్లు. ‘డిక్కీ చూడొచ్చా?’ అన్నాడు అప్పటి పోలీసు. నువ్వు నా పక్కన, పెదాలు కదపకుండా అన్నావు: ‘వద్దని చెప్పు క్లియో. మర్యాదగా చెప్పు. నువ్వొప్పుకోకపోతే వాడికి హక్కు లేదు.’

చదువుకున్నవాడివి నువ్వు. నేను అప్పట్లో ఫ్యాక్టరీలో కారు తలుపులు బిగించేవాణ్ణి. నా నోట్లోంచి ఏం వచ్చింది? ‘చూడండి సర్.’

అంతే. నిన్ను దించి తడిగడ్డి మీద బోర్లా పడుకోబెట్టారు. మన కారు రాలేదేమా అని బస్సు వెనక్కి తిరిగొచ్చింది. నలభైమంది పిల్లలు, కిటికీలకి అతుక్కుపోయి. డిక్కీలో ఏం దొరికాయి? డోలు పుల్లలు, పాటల కాగితాలు. ఆ కాగితాలు గాలికెగిరి రోడ్డంతా పోయాయి. నువ్వు లేచి మోకాళ్ళు దులుపుకుని, ‘ఉతికితే పోతుందిలే’ అన్నావు.

పోలేదు లెమ్. ఆ సూటే వేయాలంది ఎర్నెస్టీన్. మొన్న నేనే తొడిగాను నీకు. ఎడమ మోకాలి మీద పచ్చమరక ఇంకా ఉంది. దానిమీదికి వచ్చేలా గుడ్డ సర్దాను, చర్చిలో ఎవరికీ కనపడకుండా. ఇప్పుడు వీడు మూత తీసి, ఆ గుడ్డ లాగి, నీ కాళ్ళ కింద తడుముతాడు. ఆ చేతులతో.

ఉండు, వస్తున్నాడు.

…లేదు సర్. నేను ఒప్పుకోను సర్. పెట్టె తెరవడానికి నేను ఒప్పుకోవడం లేదు. మర్యాదగానే చెబుతున్నా సర్. …అవును సర్. అర్థమైంది సర్. కూర్చుంటాను సర్.

విన్నావా? అనేశాను రా! నా గొంతేనా అది? ముప్పై ఏడేళ్ళు పట్టింది నాకు ఆ ఒక్క మాటకి.

ఏమైందంటావా? ఏమవుతుంది! కుక్కని పిలిపించాడు, వాసన చూడ్డానికి. పక్క జిల్లా నుంచి రావాలట, గంటన్నర. అప్పటిదాకా కదలకూడదట. హక్కు లేదంటావు. ఒప్పుకుంటా లెమ్, హక్కు నీదే. తుపాకి వాడిది.

ఇప్పుడు పదీ నలభై. పన్నెండున్నరకి ఇంకొకరి ఖననం ఉందన్నారు పాస్టరు గారు. చర్చి నిండా జనం, చేతుల్లో అట్ట విసనకర్రలు. టొలీడో నుంచి వచ్చిన నీ పాత శిష్యులు పదకొండుమంది డోళ్ళూ బూరలూ పట్టుకుని ఎండలో వాకిట్లో నిలబడి ఉంటారు. ఒప్పుకుంటే నిన్ను దించుతాడు. ఒప్పుకోకపోతే నిన్ను ఈ ఎండలో ఉడికిస్తాడు. ఏది చేసినా నీకిచ్చిన మాట పోయినట్టే.

అదిగో, జేబులో ఫోను మోగుతోంది. ఎర్నెస్టీనే అయ్యుంటుంది. నా గుండె మీదే మోగుతోంది, తియ్యలేను. కోటు లోపలికి చెయ్యి పోనిస్తే ఇక్కడే రెండో పెట్టె కావాలి. మోగనీ. పాపం, ఆడమనిషి, ఏమనుకుంటోందో.

ఆగిపోయింది. మళ్ళీ మోగుతోంది.

లెమ్, ఇంకోటుంది. మధ్యాహ్నంలోపు మట్టిలో పెట్టేస్తాను కదా, చెప్పకుండానే గడిచిపోతుందనుకున్నా. ఇప్పుడెటూ పోలేను, నువ్వూ పోలేవు.

ఆ రోజు నువ్వు గడ్డి మీద ఉన్నప్పుడు ఆ పోలీసు నన్నడిగాడు, వీడు నీకేమవుతాడని. నేనేమన్నానో తెలుసా? ‘పెద్దగా తెలీదు సర్, దారిలో ఎక్కించుకున్నా’ అన్నాను. ఒకే వీధిలో పుట్టాం మనం. ఒకే బస్సులో ఉత్తరానికి వెళ్ళాం. మీ అమ్మ చేతి ముద్ద తిన్నాను నేను. ‘పెద్దగా తెలీదు సర్.’ అందుకే నన్ను నిలబెట్టారు, నిన్ను పడుకోబెట్టారు. నీ చెవి అప్పుడు నేలకి ఆని ఉంది. విన్నావో లేదో ఇన్నేళ్ళూ అడగలేదు నేను. ప్రతి ఆదివారం మా ఇంటికే భోజనానికొచ్చేవాడివి. విన్నవాడు వస్తాడా అనుకునేవాణ్ణి. వినీ వచ్చావేమో అని రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఇందాక వీడూ అడిగాడు. ‘మీ బంధువా?’ అని. ఇది నువ్వు విన్నావు, నాలుగడుగుల దూరంలోనే ఉన్నావు. ‘కాదు సర్. నాకు తెలీదు సర్. నేను డ్రైవర్ని, అంతే.’ వాడు పుస్తకంలో రాసుకున్నాడు కూడా. సిగ్గుతో చస్తున్నా రా.

ఇదేంటి, ఎదురుగా వచ్చే కారు ఆగుతోంది. చూడు, దాని వెనక ఇంకోటి. లైట్లు వేశారు. ఓరి దేవుడా! ముందు శవాల బండి, వెనక పోలీసు దీపాలు. నిన్ను పోలీసు కాపలాతో ఊరేగిస్తున్నారనుకుంటున్నారు రా! ఎంత పెద్దమనిషివో అనుకుంటున్నారు!

ఒక పెద్దావిడ దిగింది. మనలాగే నల్లావిడ. ఊదారంగు చర్చి టోపీ. రోడ్డు దాటి నా కిటికీ దగ్గరికే వస్తోంది. వద్దమ్మా, రాకమ్మా, అక్కడే ఉండు. ‘ఎవరు నాయనా పోయింది? మీవాడేనా?’ అంటోంది.

…మావాడేనమ్మా. నా స్నేహితుడు. అరవై ఏళ్ళ నుంచి. పేరు లెమ్యుయెల్ గాడిస్. బ్యాండు మాస్టారు. మావాడే.

గట్టిగానే అన్నాను కదూ? వాడికీ వినపడింది. తలెత్తాడు. పుస్తకం తిప్పుతున్నాడు. ఆవిణ్ణి పక్కకి పొమ్మని చెయ్యి ఊపి, ఇటే వస్తున్నాడు.

…అవును సర్, అన్నాను సర్. ఇందాక తెలీదన్నమాట నిజమే సర్. …లేదు సర్, దాస్తున్నదేమీ లేదు. ఇప్పుడు చెప్పిందే నిజం సర్.

మాట మార్చానట లెమ్. మాట మార్చినవాడి బండి వెతకడానికి ఇక నా ఒప్పుదల అక్కర్లేదట, కుక్కా అక్కర్లేదట. బతుకులో ఒక్కసారి నిజం చెప్పాను, దాంతోనే పట్టుకున్నాడు.

దిగమంటున్నాడు. చేతులు కనపడేలా, నెమ్మదిగా. తలుపు తీస్తున్నా సర్, కుడిచేత్తో తీస్తున్నా.

నేను దిగుతున్నా లెమ్. నువ్వు మాత్రం దిగకు.