పితూరీ చేసిన గురవప్ప

వడమాలపేటలో జయచంద్ర నోరు తెరిచినాడంటే టీకొట్టు సిద్ధమ్మ ఇంకో గిన్నె పాలు పొయ్యి మీద పెట్టాల్సిందే. ఆ సాయంత్రం మాత్రం ఆయన ఊరికే కోతలు కోసేదానికి రాలేదు. కుంఫిణీ దొరల మీద తిరగబడి ఉరికంబమెక్కిన ఊరివాళ్ల కోసం బస్టాండు పక్కన రాయి నిలబెడతాండారు. చచ్చింది పదకొండు మందని ఊరంతా చెప్పుకుంటాది, పేర్లు మాత్రం ఒక్కరికీ తెలీదు. తెల్లారితే రాళ్లు చెక్కే మునిశేఖర్ ఉలి పట్టుకుని వస్తాడు. చెక్కినాక మార్చేదానికి లేదు. ఆ లోపల తన ఏడు తరాల కిందటి పెద్దాయన గురవప్ప పేరు రాయి మీద అన్నిటికంటే పైన ఎక్కాల. మూడు నెలలుగా జయచంద్ర తిరుగుడంతా దీనికే. కమిటీ పెద్ద ధర్మేంద్ర తెల్లకాగితం ముందర పెట్టుకుని ఎదురుగా కూర్చోనుండాడు.

"మొదుట నేను మామూలుగానే పోయినానప్పా మదరాసుకు, పాత కాగితాల ఆఫీసుకు. సద్ది కట్టుకోని, తొలి బస్సుకు. ఆడుండే గుమస్తా పర్మిషన్ లెటర్ యాడ అన్నాడు. లేదన్నా. లేకుంటే లోపలికి పోకూడదన్నాడు. నాకు తిక్క రేగింది. 'సామీ, మా తాతను పట్టుకునేదానికి ఆ దొర ఎవురి పర్మిషన్ అడిగినాడు? ఆయన్ను సూసేదానికి నేనెందుకడగాల?' అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయప్ప లేచి నిలబడి, తన కుర్చీ నాకిచ్చినాడు."

"పోయిన వారం చెప్పినప్పుడు టీ మాత్రమే ఇచ్చినాడే," అన్నాడు ధర్మేంద్ర.

"టీ కుర్చీలో కూర్చున్నాక ఇచ్చినాడబ్బా! మద్దెలో అడ్డం రావద్దు. ఏడు దినాలు ఎతికినా. దుమ్ము ముక్కుల్లోకి పోయి ఒక్క తుమ్ము తుమ్మితే, నూరేండ్లుగా ఎవురూ ముట్టని కట్ట బీరువా మీద నుంచి ఊడి నా ఒళ్లో పడింది. సూస్తే మన ఊరి కాగితం! ఫోన్లో ఫొటో తీసుకున్నా. అంతా గొలుసుకట్టు రాత, చీమల బారు మాదిరి. అయితే ఏమి, రెండు మాటలు పట్టేసినా. ఒకటి గురవప్ప. దాని పక్కనే పితూరీ. పితూరీ అంటే ఏంది? తిరుగుబాటు! దొర ముందర, దొర కచేరీలో!"

"మిగతాది చదివినావా?" అని మూల బెంచీ మీద నుంచి అడిగింది కుముదవల్లి టీచరు. ఆ ఊళ్లో తెలుగు చెప్పి చెప్పి రిటైరై, ఎనభైకి దగ్గర పడిన మనిషి. ఆ కొట్టులో సగం చెవులు ఆమె మెలిపెట్టినవే.

"చదివేదేముంది టీచరమ్మా, నెత్తురే చెప్తాంటే! గురవప్ప నేరుగా దొర బల్ల మీదికెక్కినాడు. 'దొరా, మా మామిడికాయ కొరికితే నీకు పండ్లు పులుస్తాండాయి, మా ఊరినెట్ల ఏలతావు?' అన్నాడు. దొర ఫిరంగి పేల్చమన్నాడు. గుండు వస్తాంటే మావోడు తలగుడ్డ విప్పి, బిడ్డనెత్తుకున్నట్ల దాంట్లో పట్టుకున్నాడు. ఆ గుండే మా ఇంట్లో రుబ్బురోటి పొత్రం."

"మిక్సీ చెడిపోయిందని మొన్న చట్నీకి నా కాడికొస్తిరే అన్నా?" అనింది సిద్ధమ్మ.

"ఫిరంగి గుండు అందరూ ఎత్తగలరా అమ్మా? అది ఆయనొక్కడి చేతికే లేచేది. ఇనండప్పా. గురవప్ప ముందర, వెయ్యి గుర్రాలు వెనకాల... కాదు, వెయ్యి గుర్రాలు ముందర, గురవప్ప వెనకాల! తరుముకుంటా తూర్పుకు పోయినాడు. శ్రీసిటీ నేలంతా అట్ల సదునుగా ఎందుకుండాది? ఆ గిట్టల తొక్కుడుకే! ఆడినుంచి పులికాట్. గుర్రాలూ దొరలూ దబదబా నీళ్లలో పడినారు. ఆ పొద్దు బెదిరి లేచిపోయిన కొంగలు ఏటేటా ఎందుకొస్తాయనుకుంటాండారు? దొరలు పోయినారో లేదో సూసి పోయేదానికి!"

కొట్టంతా పగలబడి నవ్వింది. జయచంద్ర నవ్వలేదు.

"నవ్వండి! పదకొండు మంది చచ్చినారంట, ఒక్క పేరు కూడా లేదంట అని పక్కూరోళ్లు ఎకసెక్కాలాడతాంటే యాభై ఏండ్లు తల వంచుకునుండా. ఇంక వంచను. రాయి ధర్మేంద్రా. మొదుటి పేరు గురవప్ప."

ధర్మేంద్ర రాసినాడు. కుముదవల్లి చెయ్యి చాపింది. "ఆ కాగితం ఫొటో ఉండాదంటివే, ఇటియ్యి. గొలుసుకట్టు మా నాయన నేర్పించినాడు నాకు. గుళ్లో పాత లెక్కలన్నీ ఆయనే చదివేవాడు."

జయచంద్ర మీసం దువ్వుకుంటా ఫోనిచ్చినాడు. ఆమె రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"జయచంద్రా, ఇందులో పితూరీ చేసినాడని లేదురా. పితూరీ చెప్పినాడని ఉండాది."

"రెండూ ఒకటే గదా?"

"చేస్తే తిరుగుబాటు. చెప్తే చాడీ. మూడో తరగతిలో దినానికి నాలుగుసార్లు నా బల్ల దగ్గరికొచ్చి నువ్వు చెప్పిందేంది మరి?"

మళ్లీ నవ్వులు. ఆమె నవ్వకుండా గట్టిగా చదివింది. "'గురవప్ప దొరగారి సముఖానికి వచ్చి పితూరీ చెప్పినందున, కొండలో దాగియున్న పదకొండుగురు చిక్కిరి.' కింద వాళ్ల పేర్లన్నీ ఉండాయి."

నవ్వులు ఆగిపోయినాయి. జయచంద్రకు చెవులు కాలినట్లయింది. అయినా కింద పడినా మీసానికి మన్నంటలేదనే రకం ఆయన.

"పదకొండూ ఉండాయా? సూడండప్పా! ఇన్నేండ్లు ఎవురికీ దొరకని పేర్లు ఎవురు పట్టుకొచ్చినారు? నేను! అసలు మా గురవప్ప చెప్పబట్టే గదా అవి కాగితానికెక్కింది? ఆయన చెప్పకపోయుంటే ఈ పొద్దు రాయి మీద ఏం చెక్కుకుంటారు మీరు?"

"చెప్పకపోయుంటే రాయితోనే పని లేదురా," అనింది కుముదవల్లి. "వాళ్లే ముసలోళ్లయ్యి, ఇట్ల కూర్చోని, వాళ్ల కోతలు వాళ్లే కోసుకునుండేవాళ్లు."

ఎవురూ జయచంద్ర వైపు చూడలేదు. ఆయనే ధర్మేంద్ర ముందరున్న కాగితాన్ని తన వైపు లాక్కుని, గురవప్ప పేరును కాగితం చిరిగేటట్ల తన చేత్తోనే కొట్టేసినాడు.

"మొదుటి పేరు చెప్పండి టీచరమ్మా," అన్నాడు. "గట్టిగా చెప్పండి. రోడ్డవతలికి ఇనపడాల."