ఎర్ర దీపం దగ్గర ఆగిన మాట

నా పదవీ విరమణ సభకు పెద్దగా ఉన్న కమిషనర్ లీలండ్ స్ట్రోప్ గారికి, ఈ రైతు సంఘం హాలు తాళంచెవులు నలభై ఏళ్లుగా తన సంచిలోనే పెట్టుకు తిరుగుతున్న వెర్నా గారికి, నా ఆఫీసు మిత్రులకు, మొదట నన్ను తిట్టడానికి వచ్చి ఆ అలవాటుకొద్దీ ఈరోజు మెచ్చుకోవడానికీ వచ్చిన ఆల్డర్‌ఫోర్డ్ రైతులకు, ఇళ్లు కట్టే పెద్దలకు నమస్కారం. వెర్నా గారు చేసిన మారియన్‌బెర్రీ పళ్ల తీపి వెనక బల్ల మీద చల్లారిపోతోందని నాకు తెలుసు, అందుకని తొందరగానే ముగిస్తాను. (నవ్వులు) ప్లానింగ్ ఆఫీసులో ముప్పై ఒక్కేళ్లలో నేనిచ్చిన మాటలు ఎన్ని నిలిచాయో తెలిసినవాళ్లు గనుక నవ్వుతున్నారు.

లీలండ్ గారు ఇందాక నన్ను ఈ లోయను కాపాడిన మనిషి అన్నారు. లీలండ్ గారూ, మీరు మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు నన్ను ఈ లోయకు పట్టిన పీడ అన్నారు, ఆ కరపత్రం ఇంకా నా దగ్గరుంది. (నవ్వులు) రెండూ ఎక్కువే. నేను చేసిందల్లా పటం మీద గీత గీయడం. రాబోయే యాభై ఏళ్లలో నగరం ఎక్కడిదాకా పెరగాలో, ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకుందామని అందరం కూర్చున్నాం. ఇళ్లకు వదలవలసిన నేలకు నీలం రంగు వేశాం, సేద్యానికే ఉంచవలసిన నేలకు ఆకుపచ్చ వేశాం. ఒకసారి ఆకుపచ్చ పడిందంటే అక్కడ యాభై ఏళ్లు ఇళ్ల వరసలు లేవవు. గీతకు ఇవతల ఎకరం విలువేమిటో, అవతల ఎకరం విలువేమిటో నేను చెప్పక్కర్లేదు, మంగలి షాపులో మీరు రోజూ మాట్లాడుకునేది అదే.

నా కుర్చీలోకి వస్తున్న యెసేనియా, అదిగో తలుపు పక్కన నిలబడ్డ అమ్మాయి, ఉద్యోగంలో చేరిన మొదటి వారమే గీత ఎక్కడ వెళ్లాలో ఎలా తెలుస్తుందని అడిగింది. నేనొక బూట్ల జత చేతికిచ్చి, పటం తెరిచే ముందు పొలం తొక్కి రా అన్నాను. గొప్ప మాట చెప్పానని నాకు నేనే మురిసిపోయాను కూడా. ఆ మాటకు ఒక తోక మిగిలిపోయింది. అది చెప్పాలనే ఈరోజు ఇక్కడ నిలబడ్డాను.

మా ఆఫీసువాళ్లు ఇచ్చిన కానుక చూశారుగా. ఏ గడియారమో పూలకుండీయో ఇస్తారనుకున్నాను, పాత దీపాల పెట్టె ఇచ్చారు. (నవ్వులు) మీలో సగంమంది దీని ముందు చెమటలు పట్టినవాళ్లే. ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చిన మనిషికి మూడు నిమిషాలు. పచ్చదీపం వెలిగితే మాట్లాడాలి, పసుపు వెలిగితే ముగించాలి, ఎర్రది వెలిగితే మైకు ఆగిపోతుంది. మీట నా వేలి కింద ఉండేది.

(విరామం)

పద్నాలుగేళ్ల కిందట మార్చి నెలలో, ఇదే హాల్లో, హార్లన్ వోత్ గారు ఆ మైకు ముందుకొచ్చారు. రోడ్డు నుంచి వాగుదాకా నలభై ఎకరాల ఫిల్బర్ట్ తోట వాళ్లది. గట్టి పెంకులో పప్పుండే ఆ కాయను బయటివాళ్లు హేజెల్‌నట్ అంటారు గానీ హార్లన్ గారి ముందు ఆ పేరెత్తితే ఇంకో పొలం చూసుకోమంటారు. (నవ్వులు) గీత ఆ తోటకు ఏ వైపునైనా వెళ్లవచ్చు, ఇంకా తేలలేదు. ఆరోజు ఆయన టై కట్టుకొచ్చారు. తాత ఏ వరస ఎప్పుడు నాటాడో చెప్పారు. రాలిన కాయ ఊడ్చుకోవడానికి వీలుగా చెట్ల కింద నేలను ఇంటి గచ్చులా ఎలా ఉంచుతారో చెప్పారు. తన భార్యను, అంటే ఈ వెర్నా గారిని తొలిసారి చూసింది ఆ చెట్ల కిందేనని కూడా చెప్పారు. పసుపు దీపం వెలిగింది. ఆయన కాగితం తిప్పి, "ఇంతకీ నేను మిమ్మల్ని కోరేదేమిటంటే" అన్నారు. ఎర్ర దీపం వెలిగింది. నేను మీట నొక్కాను.

ఇంకా నూటపన్నెండు మంది వరసలో ఉన్నారు. ఒకరికి ఎక్కువిస్తే అందరికీ ఇవ్వాలి. అవన్నీ నిజమే. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు. మర్నాడు నేను నివేదికలో ఆ నలభై ఎకరాల పక్కన ఇలా రాశాను: "యజమాని కోరిక: సేద్యం కొనసాగించడం." ఆయన ఆ మాట అనలేదండీ. అంత ప్రేమగా చెట్ల సంగతి చెప్పిన మనిషి ఇంకేం కోరతాడులే అనుకుని నేనే రాశాను. ఫోను చేస్తే తెలిసిపోయేది, చేయలేదు. ఆ ఒక్క వాక్యం చూసి కమిషనర్లు ఆకుపచ్చ వేశారు. రోడ్డుకు అవతలి పొలానికి నీలం పడింది. దాని యజమాని అమ్ముకుని సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు.

ఆ అక్టోబరులో నా ఆఫీసు బల్ల మీద ఒక ఫిల్బర్ట్ కాయల సంచి కనబడింది. చీటీ లేదు, పలకరింపు లేదు, అయినా ఎవరు పెట్టారో నాకు తెలిసింది. మూడేళ్లు అలాగే వచ్చింది. తర్వాత నాలుగేళ్లు రాలేదు, కోపం ముదిరిందనుకున్నాను. మళ్లీ మొదలైంది. ఇన్నేళ్లలో ఆ సంచుల్లోంచి ఒక్క కాయ నేను తినలేదు. ఆఫీసులో పంచేసేదాన్ని. తినబోతే ఆ ఆగిన వాక్యం గుర్తొచ్చేది.

హార్లన్ గారూ, మూడో వరసలో ఉన్నారు, తల దించుకోకండి. ఈ పెట్టెలోంచి ఎర్ర బల్బు నిన్ననే పీకేశాను. (నవ్వులు) ఇదిగో, పచ్చదీపం వేస్తున్నాను. ఆ వాక్యం పూర్తి చేయండి.

(వెర్నా గారు మోచేత్తో పొడిచాక హార్లన్ గారు లేచారు.)

"నీలంలో వెయ్యమని అడుగుదామనే వచ్చానమ్మా. అమ్మేసి వెర్నాని తీసుకుని నేనూ సముద్రం వైపే పోదామనుకున్నా. చెట్లకి అప్పటికే తెగులు తగిలింది. నాకొక్కడికే తెలుసు. పోతున్నాయి గదాని వాటి గురించి అంతసేపు చెప్పా."

(పచ్చదీపం వెలుగుతూనే ఉంది.)

మరి ఆ సంచులు, హార్లన్ గారూ?

"మొదట కోపంతోనే పెట్టా. నువ్వు నిలబెట్టిన తోట ఇదిగో, చూసుకో అని. తర్వాత చెట్లన్నీ పీకించేశా. నాలుగేళ్లు కాయెక్కడిది? అమ్మడానికి లేని నేల, ఊరికే ఉంచితే చేతులు ఊరుకోవు. తెగులు తట్టుకునే కొత్త మొక్కలు పెట్టా. ఇప్పుడొచ్చేవి వాటివే. పాతవాటికంటే చిన్నవి, గుండ్రంగా ఉంటాయి. నువ్వు చూళ్లేదా?"

చూడలేదు. మీ పొలం మూలమూలా పటం మీద చూపించగలను, సంచిలో కాయ మారిన సంగతి తెలియలేదు. కోపం పోయిందా అని అడిగే ధైర్యం నాకు లేదు.

"వానాకాలం మోకాళ్లు నొప్పెట్టినప్పుడు ఉంటుంది. మిగతా రోజులు, ఆ తోటలో నడుస్తుంటే, లేదమ్మా."

హార్లన్ గారూ, మీ కోరిక మీరు చెప్పకముందే నేను రాసేశాను. ఈ తోట బాగుంది కదా అని ఆ తప్పు ఒప్పయిపోదు. ఇంతమంది ముందు క్షమాపణ అడుగుతున్నాను. వెర్నా గారూ, మీకు దక్కవలసిన సముద్రాన్ని కూడా నేనే ఆపాను, మిమ్మల్నీ అడుగుతున్నాను. యెసేనియా, ఆ బూట్లు ఉంచుకో గానీ అవి చాలవు. ఎర్ర దీపం వెలిగాక ఆ మనిషి వెనకాలే వాకిలిదాకా వెళ్లు, ఇంకా ఏం చెప్పాలనుకున్నారని అడుగు.

(హార్లన్ గారు ముందుకొచ్చి, కోటు జేబులోంచి రెండు కాయలు తీసి అరచేతిలో ఒకదానితో ఒకటి నొక్కి పగలగొట్టారు. పప్పు మైకు ముందు మాట్లాడుతున్న ఆమె చేతిలో పెట్టారు.)

నా మీద కోపం ఉన్నా పొలం తొక్కనిచ్చిన వాళ్లకు, ప్రేమతో కాఫీ పోసిన వాళ్లకు, ఈ హాలు తలుపు ఎప్పుడూ మూయని వెర్నా గారికి కృతజ్ఞతలు. (పప్పు నోట్లో వేసుకుని) చాలా తియ్యగా ఉంది, హార్లన్ గారూ. ఇన్నేళ్లూ వచ్చినవన్నీ ఊరికే పంచిపెట్టాను. నోట్లో పప్పు ఉండగా మాట్లాడకూడదని మా అమ్మ నేర్పింది. సెలవు.