హన్నాగారి వాయిదా

రాజోలు శివారు. పొద్దున్న పది గంటలు. మిషను కుట్టే హన్నా ఇంటి అరుగు మీద ఒకావిడ బెండకాయలు తరుగుతోంది. ఎదురుగా, ఫైనాన్సు కంపెనీ నుంచి వచ్చిన రవికుమార్.

“డబ్బులు లేవంటే లేవు. ఎన్నిసార్లు చెప్పమంటారు?”

“అది కాదండీ హన్నాగారూ, మూడు వాయిదాలండి. పన్నెండు వేల ఆరొందలండి.”

“అంకె బానే చెప్పేరు. ముందు మీ కార్డు చూపించండి.”

“ఇదిగోనండి. రవికుమారండి.”

“ఇందులో మీసం ఉందే? ఇప్పుడేదీ?”

“తీసేసేనండి.”

“కంపెనీవాళ్ళు అదీ పట్టుకుపోయేరనుకున్నాను!”

“అమ్మా... వాయిదా...”

“పోయిన వారం వచ్చినాయన గేటు దగ్గర నిలబడి అరిస్తే వీధి వీధంతా బయటికొచ్చేసింది. మీరూ అరుస్తారా?”

“నాకంత గొంతు లేదండి.”

“మరి ఈ ఉద్యోగానికెలా పనికొచ్చేరు?”

“మా మేనేజరుగారూ అదే అడుగుతున్నారండి.”

“పాపం. చెంబులో మజ్జిగుంది, తాగండి.”

“వద్దండి.”

“ఉప్పేసేను.”

“ఆయ్. తాగుతానండి.”

“వినండి బాబూ. ఆ లోనుతో రెండు మిషన్లు కొన్నమాట నిజం. స్కూలు యూనిఫారాల పని ఏటా వచ్చేది. ఈ ఏడు వేరేవాళ్ళకి పోయింది. ఎగ్గొట్టే మనిషి కాదు.”

“ఎవరండీ?”

“ఎవరేంటి... ఈ ఇంట్లోవాళ్ళు.”

“ఫోనైనా ఎత్తాలి కదండీ.”

“రోజుకి ఇరవైసార్లు మోగితే ఎవరెత్తుతారు? అది మోగితే చాలు, అన్నం సహించడం లేదు. వాయిదా తగ్గించి గడువు పెంచరా?”

“అర్జీ పెట్టుకోవచ్చండి. ఒప్పుకుంటారని మాటివ్వలేను. ఇవాళ కొంత కడితే, పైవాళ్ళకి చెప్పడానికి నాకూ నోరుంటుందండి.”

“ఇదిగో, నా కొంగుముడిలో పదిహేను వందలున్నాయి. రసీదిస్తారా?”

“ఇవ్వకుండా డబ్బు ముట్టుకోనండి. ఇదిగో రసీదు. ఇది అర్జీ. ఇక్కడ సంతకమండి.”

“సంతకమా? చేతులు జిగురుగా... అక్కడ పెట్టి వెళ్ళండి.”

“మీరొద్దులెండి. ఇందాకట్నుంచీ కర్టెను వెనకాల నిలబడ్డ హన్నాగారిని పెట్టమనండి.”

“ఏ... ఏ హన్నా?”

“ఫైల్లో ఫోటో ఉందండి. రాగానే చూసేను.”

“మరి ఇంతసేపూ నన్ను హన్నాగారూ, హన్నాగారూ అన్నారేం?”

“మీరంత బాగా వాదిస్తుంటే ఆపబుద్ధి కాలేదండి. ఇంతకీ ఆవిడకి మీరేమవుతారండి?”

“పక్కింటి పద్మావతిని.”

“అప్పు మీది కాదు, డబ్బులు మాత్రం మీవా! ఎంత మంచి మనసండీ.”

“మెల్లిగా అనండి, వింటుంది! అవి నా జాకెట్ల కుట్టుకూలి డబ్బులు. ఆర్నెల్లుగా ఆవిడకి నేనే బాకీ. ఒక్కసారైనా నా గుమ్మంలోకొచ్చి అడగలేదు బాబూ.”