వేదవతి గారి చివరి ప్రశ్న

1994 జూన్ 15వ తేదీ బుధవారం నాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టైలరింగ్ దుకాణం పై అంతస్తులో నడుస్తున్న మన ‘తూర్పు వాణి’ వారపత్రికలో శ్రీమతి వేదవతి గారు ఉపసంపాదకురాలిగా చేరారు. నల్లగొండ జిల్లాలో పుట్టి, కృష్ణా జిల్లా నుంచి వచ్చి సచివాలయంలో ఉద్యోగం చేస్తున్న శ్రీ మురళీకృష్ణ గారిని వివాహమాడి, అల్మాస్‌గూడలో ఇల్లు కట్టుకున్న ఆమెకు ఆనాడు అప్పగించిన బాధ్యత విదేశ వార్తల అనువాదం. ఎక్కడో జరిగే యుద్ధాలను గురించి కొత్తపేట పాఠకులకు ఎందుకు చెప్పాలని అడిగినవారిలో నేనూ ఒకడిని. ఆమె నవ్వి ఊరుకున్నారు. అది సమాధానమో కాదో నాకు నేటికీ స్పష్టం కాలేదు.

1999లో సరిహద్దు పోరు సాగుతున్న వేసవిలో ఆమె తొలి ముఖాముఖి వెలువడింది. అతిథి ఒక విశ్రాంత సైన్యాధికారి. ఆయన గంటసేపు అనర్గళంగా మాట్లాడి లేవబోతుండగా, వేదవతి గారు మృదువుగా, “ఇంతవరకు మీరు చెప్పినదానిలో మీకే సందేహమున్న మాట ఏది?” అని అడిగారు. ఆయన మళ్ళీ కూర్చొని, “శత్రువుల నష్టం గురించి నేను చెప్పిన సంఖ్య,” అన్నారు. విజ్ఞాన శీర్షిక కోసం జీవితమంతా ప్రయోగశాలల చుట్టూ తిరిగిన నాకు ఆ ప్రశ్న మీద ఆ రోజే గౌరవం కలిగింది. పరికరంలోని దోషాన్ని పరికరం చేతనే చెప్పించే పద్ధతిని నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

2001లో మన సంస్థ స్థానిక కేబుల్ ఛానెల్‌గా మారినప్పుడు, నాకు విజ్ఞాన కార్యక్రమమూ స్టూడియో పర్యవేక్షణా దక్కగా, ఆమెకు శనివారం సాయంత్రపు ‘దూరదేశం’ లభించింది. శాంతిసేనల్లో పనిచేసి వచ్చిన వైద్యులు, దౌత్యవేత్తలు, ప్రజాప్రతినిధులు ఆమె ఎదుట కూర్చున్నారు. ఇరాక్ యుద్ధం నాడు ఒక నాయకుడు చివరి ప్రశ్న వినగానే మైకు విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. తెర మీద ఆమెది అచ్చువేసినంత శుభ్రమైన పుస్తక భాష. తెర వెనుక మాత్రం పుట్టినూరి మాటే. తరువాత పాత సినిమా వచ్చేది కనుక చాలామంది ప్రేక్షకులు కాస్త ముందుగా టీవీ పెట్టి, ఆమె చివరి పది నిమిషాలే చూసేవారు. ఆ విధంగా చివరి ప్రశ్న మన ప్రాంతమంతటా కంఠస్థమైంది.

ఇక్కడ ఒక సంఘటనను ప్రస్తావించకుండా ఈ అభినందన పూర్తి కాదు. 2011 జూలై 9, శనివారం. దక్షిణ సూడాన్ వేరు దేశంగా అవతరించిన రోజు. మన వీధుల్లోనేమో తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉంది. నాటి అతిథి, ఆఫ్రికాలో పనిచేసి వచ్చిన విశ్రాంత దౌత్యవేత్త శ్రీ గంగాధరరావు గారు, సూడాన్‌ను గురించి ఒక వాక్యం చెప్పారు: “విడిపోవడం కష్టం కాదు, విడిపోయాక నీళ్ళూ, చమురూ, మనుషులూ ఎవరికి చెందుతారో తేల్చుకోవడమే కష్టం.”

సోమవారం ఉదయం గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి పండ్ల వ్యాపారి శ్రీ అంతయ్య గారు ఒక బుట్టెడు బత్తాయిలతో వేదవతి గారిని సత్కరించడానికి వచ్చారు. ఆయన కూర్చోకముందే ఎల్బీనగర్ వైపు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవారి కాలనీ సంఘాధ్యక్షులు శ్రీ పట్టాభి గారు శాలువాతో ప్రవేశించారు.

“దిల్ ఖుష్ చేసిండ్రు మేడం. విడిపోవుడు కష్టం కాదని అంత పెద్దసారుతోటి టీవీల చెప్పిచ్చిండ్రు,” అన్నారు అంతయ్య గారు.

పట్టాభి గారు శాలువాను వెనక్కి తీసుకొని, “ఆయన అక్కడితో ఆగలేదు కదండీ. తేల్చుకోవడమే కష్టమన్నారు. అది చెప్పించినందుకేనండి నేను వచ్చింది,” అన్నారు.

“గా ముక్క నేను వినలే సారూ. అప్పటికే మావోళ్ళు చప్పట్లు కొట్టవట్టిరి.”

“మొదటి ముక్క మేమూ వినలేదులెండి. మాకు అప్పుడే కరెంటు వచ్చింది.”

“ఇద్దరు సూడాన్ గురించే విన్నరు గద. కూసోండి, బత్తాయి రసం తాగుదురు,” అన్నారు వేదవతి గారు. ఎవరూ తాగలేదు. ఇద్దరూ ఆమె వైపు తిరిగి, ఇంతకీ మీరెటువైపని అడిగారు. అలజడి విని వచ్చిన మన యజమాని శ్రీ త్రినాథరావు గారు (ఈ వాక్యాన్ని వారు కత్తిరించరని ఆశిస్తాను) గట్టిగానే చెప్పారు: “ఇది ఇలా సాగదమ్మా. మీరెటో తెర మీద చెప్పండి. లేదంటే వచ్చే వారం నుంచి ‘దూరదేశం’ తీసేసి సినిమానే ముందు వేసేద్దాం.”

“చెప్త సార్. కానీ అడిగేటోళ్ళు గూడ ఆడనే ఉండాలె,” అన్నారామె.

మరుసటి శనివారం ఆమె అతిథి కుర్చీలో కూర్చున్నారు. ప్రశ్నించే స్థానంలో అంతయ్య గారు, పట్టాభి గారు. సందర్శకుల బెంచీ మీద మురళీకృష్ణ గారు.

“సూటిగ అడుగుతున్న మేడం. మీకు తెలంగాణ కావాల్నా, వద్దా?”

“కావాలి.”

సుదీర్ఘమైన వాదానికి సిద్ధపడి వచ్చిన అంతయ్య గారు, ఇక ఏమడగాలో తోచక కండువా సర్దుకున్నారు. పట్టాభి గారు ముందుకు వంగారు.

“అయితే రేపు మురళీకృష్ణ గారి ఉద్యోగం అటుపక్కకు పోతే, ఆయన ఎక్కడుండాలండీ?”

“నాతోనే. అల్మాస్‌గూడలో, మా ఇంట్లోనే.”

“అదెలా కుదురుతుందండీ?”

ఆమె జవాబు చెప్పేలోగా అంతయ్య గారే అందుకున్నారు. “మీరు అందర్నడిగేది నేనడుగుత మేడం. ఇప్పుడు చెప్పినదాంట్ల మీకు డౌటున్న మాట ఏది?”

కెమెరా వెనుక నిలబడిన నాకు ఆమె చేతులు మాత్రమే స్పష్టంగా కనిపించాయి. అవి కుర్చీ అంచును పట్టుకొని ఉన్నాయి. అన్నేళ్ళలో తొలిసారిగా ఆమె తెర మీద పుస్తక భాష వదిలారు.

“మొదటి మాట మీద లేదు. రెండో మాట మీద లేదు. రెండూ ఒక్కతాన నిలుస్తయా అన్నదే నాకు తెలుస్తలేదు.”

బెంచీ మీద మురళీకృష్ణ గారు కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు. ఆ తుడవడం చాలాసేపు సాగింది.

కార్యక్రమం ముగిశాక ఫోన్లు వచ్చాయి. మార్కెట్ వారు ఆమె తమ మనిషేనన్నారు. కాలనీ వారూ అదే అన్నారు. రెండు వైపుల నుంచీ కొందరు తిట్టారు. ఒకే పరిశీలన రెండు పరస్పర విరుద్ధ సిద్ధాంతాలను బలపరిస్తే, తప్పు పరిశీలనలో ఉందా సిద్ధాంతాలలో ఉందా అని నేను ఆ రాత్రి ఆలోచించాను. నాకు తేలలేదు.

“ఇంతకీ ఆవిడ ఎటండీ?” అని త్రినాథరావు గారు నన్నడిగారు.

“నాకు తెలియలేదండీ.”

“మరి ప్రోగ్రాం ఉంచాలా, తీసెయ్యాలా?”

“అదీ తెలియడం లేదండీ.”

“సరే, తేలేదాకా ఉంచుదాం.”

అది ఇప్పటికీ తేలలేదు. ‘దూరదేశం’ ఆనాటి నుంచి ఈ మూడేళ్ళూ నడుస్తూనే ఉంది.

సంస్థ నియమానుసారం యాభై అయిదేళ్ళు నిండిన వేదవతి గారు ఈ మే 31, శనివారం నాడు పదవీ విరమణ చేస్తున్నారు. సోమవారం, జూన్ 2న, తెలంగాణ కొత్త రాష్ట్రంగా అవతరిస్తుంది. మురళీకృష్ణ గారిని ఏ రాష్ట్రానికి కేటాయిస్తారో ఇంకా ప్రకటించలేదు. అంటే ఆమె మొదటి మాట నెరవేరుతున్నది. రెండవ మాట నిలవవలసి ఉన్నది. ఆనాడు తెర మీద చెప్పిన సందేహం ఇప్పుడు సందేహ దశ దాటి ప్రయోగ దశలో అడుగుపెడుతున్నది.

నేను రెండేళ్ళ క్రితమే విరమించినవాణ్ణి. ఆశీర్వచనాల వల్ల ఆయుర్దాయం పెరుగుతుందని రుజువు చేసిన ప్రయోగమేదీ నా దృష్టికి రాలేదు. ఈ అభినందన సంచిక చేతికందగానే ఆమె ఫోన్ చేసి, “రాసినదాంట్ల మీకు డౌటున్న మాట ఏది సార్?” అని అడుగుతారని తెలుసు కనుక, ఆశీర్వచనాల మీది ఈ సందేహాన్ని ముందుగానే ఇక్కడ నమోదు చేస్తున్నాను. అయితే ఇటువంటి ప్రయోగాల ఫలితం ఒక ఏడాదిలో రాదు, దశాబ్దాలు పడుతుంది. ఆ ఫలితాన్ని చూసి, అందులోనూ సందేహమున్న మాట ఏదో చెప్పగలిగినవారు ఆమె ఒక్కరే. కాబట్టి శ్రీమతి వేదవతి గారు, శ్రీ మురళీకృష్ణ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, అన్ని దశాబ్దాలూ, అల్మాస్‌గూడలోని ఆ ఒక్క ఇంట్లోనే కలిసి జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.