చెంచయ్య ఏడు ఒకట్లు

ఏదీ, ఆ కాలిక్యులేటర్ ఇలా చూపించు, వెంకటనారాయణా. భాగహారం చేస్తుందా? ఎనిమిది అంకెల దాకానా, చాలు. నాకు కావలసినవి ఏడే. ఏడు ఒకట్లు కొట్టు. పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. అది మా చెంచయ్య సంఖ్య. అవునయ్యా, కొందరికి పొలం ఉంటుంది, వాడికి సంఖ్య ఉండేది. నేనిక్కడ పిడుగురాళ్లలో లెక్కల పంతులుగా చేరిన కొత్తలో, పాతికేళ్ల మాట, వాడు సున్నపు బట్టీలో రాళ్లు పేర్చేవాడు. చదివింది మూడో తరగతి. ఆ సంఖ్య శేషం లేకుండా దేనితో పోతుందో చూడాలని బొగ్గుముక్కతో రాళ్ల మీద భాగహారాలు చేసేవాడు. సాయంత్రానికి ఆ రాళ్లు బట్టీలోకి పోయేవి, లెక్కంతా కాలి సున్నమయ్యేది. ఏ సంఖ్యతో పోలేదో అది మాత్రం మనసులో ఉంచుకునేవాడు. "ప్రతి రాయికీ పగిలే చోటు ఒకటుంటుందండీ, దీనికీ ఉండాలి" అనేవాడు. "రెండుతో పోనిది ఆరుతో ఎందుకు చూడాలండీ" అనేవాడు. నేను గుంటూరులో బి.ఏ. చదివి నేర్చుకున్నది వాడు రాళ్లు మోస్తూ కనుక్కున్నాడు. అది నాకు... సరేలే. వెయ్యీ యాభై నాలుగు దాకా దేనితోనూ పోకపోతే అది ప్రధాన సంఖ్యేనని, ఇక పగలదని చెప్పింది మాత్రం నేనే. ఆదివారం వస్తే టీకొట్టు దగ్గర పట్టుకునేవాడు. ఒక ఆదివారం అడిగాడు, "పంతులు గారూ, రెండొందల ముప్పై మూడుతో కూడా పోలా. మీ కాలేజీలో దీని సంగతి చెప్పలేదాండీ?" అక్కడున్న జాన్ బాషా, వాడి నోటికి అడ్డేముంది, "పంతులుగారికే తెలిస్తే నీకీ మసి పనెందుకురా చెంచయ్యా!" అన్నాడు. అంతా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "అది ప్రధాన సంఖ్యే. నా కాలేజీ పుస్తకంలో అచ్చయి ఉంది. ఇక ఆపు" అన్నాను. ఏ పుస్తకమూ లేదు. చెంచయ్య "పుస్తకంలోనే ఉందాండీ? అయితే సరే" అని బొగ్గుముక్క రోడ్డు మీద పారేశాడు. అప్పటికి రెండొందల ముప్పై మూడు దాకా వచ్చాడు. ఇంకో సంఖ్య పట్టుకోరా అని తర్వాత నేనే బతిమాలాను. "అన్నీ పుస్తకాల్లో ఉన్నాయిగా అండీ, నేనెందుకు" అన్నాడు. నాలుగేళ్లకి దగ్గుతో పోయాడు. వాడి భార్య సుబ్బరావమ్మ, మన బడికి సున్నం తెస్తుందే, ఆవిడే, వచ్చినప్పుడల్లా అడుగుతుంది. "పగలని రాయి ఒకటి చూశానే అనేవాడు మా ఆయన. ఆ పుస్తకం ఒక్కసారి చూపించండి పంతులు గారూ, ఆ పేజీ మీద చెయ్యి వేసుకుంటాను." అటక మీదుందమ్మా, చెదలు పట్టిందమ్మా అంటాను. సరే, కొట్టావా? రెండొందల ముప్పై మూడు తర్వాత... ముప్పై అయిదు అయిదుతో పోయేదే, ముప్పై ఏడు మూడుతో పోయేదే. ఇక ముప్పై తొమ్మిది. రెండొందల ముప్పై తొమ్మిదితో కొట్టు. ఎంత? నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిదా? చుక్క తర్వాత ఏమీ లేదా? సరిగ్గా చూడు. ఏమీ లేదూ? ఇంకొక్క రాయి మీద చేసి ఉంటే వాడికే దొరికేది. ఒక్క రాయయ్యా, వెంకటనారాయణా.

ఆ... ఆపెయ్, ఆపెయ్. జేబులో పెట్టుకో. గేటు దగ్గర ఆవిడ సున్నం తట్ట దించుతోంది, వెళ్లి ఓ చెయ్యి వెయ్యి.