మగపూల కొమ్మ

ఉత్తరాన చలిసముద్రంలో హియుమా దీవి. తొలి మంచు పడ్డ ఉదయం. పెరట్లో హెల్వే, పుల్లటి నారింజరంగు పళ్ళు కాసే సీబక్‌థార్న్ ముళ్ళపొదల నుంచి పళ్ళ కొమ్మలు కత్తిరిస్తోంది. ఓడలో పనిచేసే మరిది ఉర్మాస్ బుట్ట పట్టుకున్నాడు.

“సమాధిరాయి మీద ఆయన పేరు చెక్కించేది లేదని చెప్పాను కదా.”

“మూడేళ్ళయింది వదినా, తుఫాను తర్వాత అన్నయ్య పడవ ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చి. ఊళ్ళో అందరూ…”

“ఊళ్ళో నోళ్ళకేం పని. బుట్ట ఇటు జరుపు. ముళ్ళు, చూసుకో.”

“అన్నయ్య ఇక రాడు.”

“రాకపోతే ఇవెలా కాశాయి? ఆయన కనబడకుండా పోయిన చలికాలమే మగపొద ఎండిపోయింది. మిగిలినవన్నీ ఆడపొదలు. మగపూల పుప్పొడి పడకుండా ఆడపొద కాస్తుందా? నువ్వే చెప్పు.”

“గాలికి ఎక్కణ్ణుంచో…”

“ఈ చుట్టుపక్కల ఇంకో మగపొద లేదు. ఆయనే చూసుకుంటున్నాడు వీటిని. నవ్వుకో, నవ్వుకో.”

“నవ్వట్లేదు.”

“మరి తల దించుకున్నావేం?”

“నేనే వదినా.”

“ఏంటి నువ్వే?”

“వసంతంలో నువ్వు చర్చికెళ్ళినప్పుడు, అవతలి ఒడ్డు నుంచి మగపూల కొమ్మ తెచ్చి వీటి మీద దులిపేవాణ్ణి. ఇవి కూడా ఒట్టిపోతే నువ్వు తట్టుకోలేవనిపించింది. నీకిలా తోస్తుందనుకోలేదు… వదినా? కోపమొచ్చిందా?”

“ఈ కత్తెర పట్టుకో కాసేపు. వేళ్ళు కొయ్యబారాయి.”

“పోనీ తిట్టు.”

“తిట్టడమెందుకు? ఆ పళ్ళరసం తాగే కదా చలికాలాలు గట్టెక్కాను. సరే. చెక్కించు. ఎండెల్ అని. కింద తుఫాను తేదీ వేయించు.”

“నిజంగానా?”

“నిజంగానే. అంతా నువ్వేనంటే ఇంకేముంది. ఈ వసంతంలో మాత్రం దొంగలా కొమ్మ గుమ్మం ముందు పడేసి పోయావేం? లోపలికొస్తే కాఫీ ఇచ్చేదాన్ని కదా.”

“గుమ్మం ముందా?”

“ఆఁ. పూలతో ఉంది, ఉప్పునీళ్ళు కారుతూ. ఆయనే పెట్టాడనుకుని ఎవరికీ చెప్పలేదు. నేనే తీసుకెళ్ళి దులిపాను. నీకు ఓడెక్కే తొందర కాబోలు.”

“ఈ ఏడు మార్చిలోనే ఓడెక్కేశాను వదినా, మొన్నే దిగాను. ఈసారి గాలికే కాశాయనుకున్నాను.”

“అయితే?”

“నేను వెళ్ళేటప్పటికింకా మంచే కరగలేదు. పూలెక్కడివి?”

“…మరి ఎవరు పెట్టారు?”

“వదినా… ఆ రాయి సంగతి ఇప్పుడే వద్దులే.”