తాళం వేసిన దీవి

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లం ముగ్గురం: మా చిన్నాయన శివయ్య, చిన్నమ్మ నీలమ్మ, ఊరి నుంచి వచ్చి వాళ్లింట్లో ఉంటున్న నేను, లీల. ఉప్పుగూడలో మా గల్లీకి తెలిసినంతవరకు మాత్రం ఇంట్లో ఎవరూ లేరు. ముందు తలుపుకు బయట తాళం ఉంది; అది వేసి పెరటి వైపు నుంచి లోపలికి వచ్చింది మేమే. మేం ఓడెక్కి దీవికి పోయి అప్పటికి ఎనిమిది రోజులు.

“గట్ల కాదు లీలా, మళ్ల రాయి. ‘ఏడో దినం. పొద్దుగాల సముద్రం కాడికి పోయినం. అలలు చార్మినార్ అంత ఎత్తు లేచినయి.’”

“చార్మినార్ అంతనా? గంత అల మీద పడితే ఎట్ల బతికొచ్చినవయ్యా?”

“నీలా, మెల్లగ మాట్లాడు. గోడ అవతల సత్తెమ్మ ఉంది.”

“ఉంటే ఏంది? నిన్న నువ్వు తుమ్మితే ఆమె అవతలికెళ్లి ‘నూరేండ్లు’ అన్నది.”

“వాళ్ల మనుమడు తుమ్మి ఉంటడు.”

“చిన్నాయనా, చార్మినార్ కొట్టెయ్యాలెనా?”

“కొట్టెయ్యి. తాటిచెట్టంత అని రాయి. నీకు డైరీ రాసే అలవాటుంది, చేతిరాత సక్కగుంది. మా పెద్దసారు ఇది చూసిండనుకో, ఇంకో మాట అడగడు.”

“రాయించు, రాయించు. నాలుగేండ్లకోసారి పెండ్లాంపిల్లలను తీసుకొని దేశంల యాడికన్న పోయి చూసి రాండ్రి అని కంపెనీ చార్జీలిస్తది. ఆ పైసలు మిగిలించుకొని ఈయన మాకు పెరట్ల జాంచెట్టు చూపెడుతుండు.”

“అందరు చేసేదే గద! మా ఆఫీసు ఆనందరావు నిరుడు కాశ్మీర్ పోలేదా?”

“పోయిండు. కాచిగూడల అత్తగారింట్ల పండి, మంచు మస్తుగ పడ్డదని చెప్పిండు.”

“ఆడనే తప్పు చేసిండు. కాశ్మీర్ చూసినోళ్లు ఆఫీసుల నలుగురున్నరు. నేను ఎవ్వలు చూడని దీవి పట్టిన. పత్తర్‌గట్టిల కొన్న పాత ఇంగ్లీషు పత్రికల ఉంది. ఇంత దీవి. ఓడల రెండు దినాలు. తాటాకు గుడిసెకు దినానికి రెండు రూపాయలు. పైసలు లేని తెల్లపోరగాండ్లందరు ఆడనే పడుంటరట.”

“పైసలు లేని తెల్లోళ్లు గూడ ఉంటరా?”

“ఉంటరు. ఇంత పొడుగు చెక్క చంకల పెట్టుకొని సముద్రంలకు పోతరు. అల రాంగనే దాని మీద నిలబడి ఒడ్డు దాక జారుకుంట వస్తరు.”

“వచ్చి?”

“వచ్చి ఏంది? మళ్ల పోతరు.”

“మళ్ల వస్తరు.”

“అవ్.”

“పొద్దుమూకేదాక గదే పనా? అచ్చం నీ నౌకరీ లెక్కనే ఉంది.”

“నువ్వు నవ్వు. రేపు పెద్దసారు నిలబెట్టి అడిగితే? నేను గూడ చెక్క ఎక్కిన అని చెప్పాలె గద. లీలా, ఆ పీట ఇటియ్యి. కాళ్లు ఎట్ల పెట్టాలెనో చూసుకుంట.”

“అన్నం తినే పీట మీద నిలబడ్తవా?”

“చేతులు గిట్ల చాపాలె. మోకాళ్లు వంచాలె. దూరంకెళ్లి అల వస్తుంది... చూడుండ్రి... వచ్చింది...”

“చిన్నాయనా, పైలం!”

“అమ్మా! నా నడుము!”

“మునిగిండు.”

“ఎవరమ్మా లోపల? నీలమ్మా?”

“సత్తెమ్మ! ఎవ్వలు మాట్లాడకుండ్రి. లీలా, పిల్లి లెక్క అరువు.”

“నేనా?”

“అరువు!”

“...మ్యావ్.”

“ఓ, పిల్లేనా! నడుము నొస్తున్న పిల్లి. నీలమ్మ దీవికెళ్లి వచ్చినంక ఇంత కాపడం పెట్టమని చెప్త.”

“పోయిందా?”

“పోయింది. పిల్లికి కాపడం పెట్టాలెనా, వద్దా?”

“చిన్నాయనా... పదకొండు గంటలకు.”

“ఏంది పదకొండు?”

“ఇంటర్వ్యూ. పెద్ద దవాఖానల నర్సు ట్రైనింగ్‌ది. కార్డు వచ్చింది గద, మొన్న పోస్టుమాన్ దర్వాజ కిందికెళ్లి వేసిపోయిండు. ఇయ్యాల్నే.”

“దీవిల ఉన్నోళ్లకు కార్డు ఎట్ల అందుతది బిడ్డా? రాసుకో. ‘ఎనిమిదో దినం. కొబ్బరినీళ్లు తాగినం.’”

“ఈ ఏడు సీటు రాకుంటే పెండ్లి చేసేస్త అన్నడు బాపు.”

“వచ్చే ఏడు మళ్ల పెట్టుకుందువు.”

“వచ్చే ఏడు బాపు నన్ను ఊరు దాటనియ్యడు.”

“గల్లీ చివరనే ఆనందరావు ఇల్లు. ఆయన పెండ్లాం దినమంత అరుగు మీదనే. దీవిల ఉన్న పిల్ల వాళ్లింటి ముంగటికెళ్లి నడుచుకుంట పోతే రేపటికి ఆఫీసంత తెలుస్తది. నా నౌకరి పోతది. అరే, ఏడుస్తున్నవా?”

“లేదు.”

“ఏడుస్తలేదయ్యా. గవి సముద్రం నీళ్లు. రాయించు మరి: ఎనిమిదో దినం, మస్తు ఉప్పగున్నయి.”

“నీలా, ఊకో. పిల్ల ముంగట గట్లనా?”

“నీలమ్మక్కా! ఓ అక్కా! దీవికి పాలు తెచ్చిన!”

“సక్కుబాయీ, మెల్లగనే! పెరటి దర్వాజ తీస్తున్న. నీ గొంతు గౌలిపుర దాక ఇనపడాలెనా?”

“గౌలిపురల మా బర్రెలు గూడ అడుగుతున్నయి అక్కా, శివయ్యన్న ఓడ ఎప్పుడు దిగుతడని.”

“ఆనందరావుకైతే తెల్వదు గద, సక్కుబాయి?”

“ఫికర్ చెయ్యకన్నా. ఆయనకు పాలు పోసేది నేను గాదు.”

“సక్కుబాయీ, నీకు పెద్ద దవాఖాన తొవ్వ తెలుసా?”

“నా రెండు కాన్పులు ఆడనేనాయె. కండ్లు మూసుకొని పోత.”

“అయితే ఈ పిల్లను తోలుకపో. లీలా, మొఖం తుడుచుకో. కార్డు ఏది? సర్టిఫికెట్లు?”

“ఉన్నయి చిన్నమ్మా. పొద్దుగాలనే సర్దిపెట్టుకున్న.”

“నీలా, ఏం చేస్తున్నవు?”

“ఓడ ఎక్కిస్తున్న.”

“పెరటికెళ్లి పోయినా ఆనందరావు ఇంటి ముంగటనే తేలుతరే!”

“తేలనియ్యి.”

“నా నౌకరి!”

“పెండ్లయిన పన్నెండేండ్లకు మా ఆయన నాకు సముద్రం చూపెడుతుండని సత్తెమ్మకు చెప్పుకున్న. ఓడల కడుపుల తిప్పుతది నీలమ్మా అని ఆమె ఇరవై నిమ్మకాయలు కొంగుకు కట్టిచ్చింది. ఆ నిమ్మకాయలు పిండి నీకు ఎనిమిది దినాల సంది పులిహోర పెడుతున్న. నువ్వు తింటున్నవు. మస్తుగుంది అంటున్నవు.”

“నీలా...”

“నా సముద్రం నేను మింగిన. పిల్లది గూడ మింగాలెనా?”

“చిన్నమ్మా, అరుగు మీదికెళ్లి ఆమె పిలిస్తే? దీవి ఎట్లుంది అంటే ఏం చెప్పాలె?”

“రాసింది చెప్పకు, చూసింది చెప్పు. ఇగో, ముందటి దర్వాజ తాళంచెవి. మళ్లొచ్చేటప్పుడు దొంగలెక్క పెరటికెళ్లి రాకు బిడ్డా, గల్లీ అంత చూస్తుండంగ ఆ తాళం తీసుకొని రా. పో ఇగ, దర్వాజ ఏస్తున్న.”